బోర్డో మహానాటకశాల

ఫ్రాన్సుదేశపు నైరృతిభాగమున గరోన్ననదీతీరమందు బోర్డోపట్టణము గలదు. అందలి మహానాటకశాల స్తంభపంక్తికిని సోపానమార్గమునకును ప్రసిద్ధి కెక్కినది. శిల్పజ్ఞు లంతటితో తృప్తి నొందవచ్చును. చరిత్రకారుడు మాత్రము నటులు లేని నాటకమొకటి యందు జరిగెనని మఱవరాదు.

ఆ చోటి పూర్వచరిత్రము విధ్వంసముతో గూడినది. రోమనుల నాటి త్యుతెల్ స్తంభము లా ప్రాంతముననే నిలిచి యుండెను. 1675లో పన్నులకు సహింపక పట్టణప్రజలు తిరుగబడగా, 14వ లూయీ యచ్చటి కోటను పెంపుచేయించి, దాని ముందు ఫిరంగుల కడ్డులేని బయలు కావలెనని 1677లో నా స్తంభములను బడగొట్టించెను.

1755లో పట్టణపు పాత నాటకశాల దగ్ధమయ్యెను. పిమ్మట రాష్ట్రాధిపతియైన రిషెల్యూ ప్రభువు ప్రాపున విక్తోర్ లూయీ యను శిల్పి క్రొత్తశాలను నిర్మించెను. 1780 ఏప్రిలు 7వ తేదీన రసీనుకవి 'అతాలీ' నాటకముతో నది తెఱవబడినది. ముఖభాగమున పండ్రెండు స్తంభములు. వానిపై తొమ్మండుగురు కళాధిదేవతలును, జూనో, వీనస్, మినర్వా యను దేవతలును గలరు. ఒక్కటిగా నెక్కి యిరుప్రక్కల జీలు లోపలి సోపానమార్గమును పారిసునగరపు గానశాలను గట్టిన గార్నియె యనుసరించెను. నాటి బోర్డో వైభవమునకు ద్రాక్షామద్యముతోపాటు ద్వీపాంతరముల చక్కెరయు, బానిసల క్రయవిక్రయములును గారణములు. ఈ శాలను వర్ణించువా రీ మాటను దాటవేయుట న్యాయము గాదు.

1789 జూలై 1వ తేదీన దోబెర్వాలు కూర్చిన నృత్యరూపక మొకటి యిచ్చట ప్రథమమున ప్రదర్శింపబడెను. దేవతలును రాజులును లేక, పల్లెపడుచు ప్రేమయే యందు కథావస్తువు. పదుమూడు దినములకు పారిసులో బాస్తీయు కోట కూలినది.

1871లో జర్మనుల చేత నోడిన ఫ్రాన్సు తన జాతీయసభ నీ శాలయందే సమావేశపఱచెను. ప్రేక్షకుల పీఠములపై ప్రతినిధులు కూర్చుండిరి. మార్చి 1వ తేదీన, ఆల్సాసు మండలమును, లొరేను మండలమున గొంతభాగమును వదలుకొని, ఐదువందలకోట్ల ఫ్రాంకుల నిచ్చుకొను సంధి 107 మందికి 546 మంది సమ్మతితో నంగీకరింపబడినది. పరాధీనము కానున్న మండలముల ప్రతినిధులు, తమ ప్రజల నడుగకయే తమ్ము నిచ్చివేయు నధికార మెవ్వరికిని లేదని నిరసించి సభ విడిచిపోయిరి. వారి తోడివాడును, స్త్రాస్‌బూర్గు నగరాధ్యక్షుడును నగు క్యూసు ఆ దినముననే బోర్డోలో మృతినొందెను. సభ్యుడైన విక్తోర్ హ్యూగో కవి యా సంధికి ప్రతికూలుడు; గారిబాల్డి యెన్నిక విషయమై పలికిన మాటలకు సభవారు కేకలువేయగా, మార్చి 8వ తేదీన నతడు పదవి విడిచెను. ఆ నెలలోనే సభ వెర్సాయికి తరలిపోయినది.

శాల మఱల నాటకములకు దక్కెను. 1991లో దానిని పునరుద్ధరించి, 1780 నాటి నీల శ్వేత సువర్ణ వర్ణములను మఱల దిద్దిరి.