వేసవి సెలవుల్లో ఇంటికి దగ్గరలోనే: పరవాడ కుటుంబాలకు కొన్ని సూచనలు

2025లో మన రాష్ట్రంలో బడులకు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు వేసవి సెలవులు ఇచ్చారు. అంటే 49 రోజులు. ఏటా ఇంచుమించు ఇంతే. పరవాడ మండలంలో ఫార్మాసిటీకి, ఎన్టీపీసీకి, చుట్టుపక్కల కంపెనీలకు షిఫ్టుల మీద వెళ్లే తల్లిదండ్రులకు ఇన్ని రోజుల్లో దొరికేవి వారానికో ఆఫ్ చొప్పున ఏడు రోజులే. మిగతా రోజుల్లో పిల్లలు ఫోను ముందు కూర్చుంటారు, లేదా ఎవరికీ చెప్పకుండా చెరువుకో సముద్రానికో పోతారు. రెండోది ప్రాణాల మీదికి తెస్తుంది.

ఊటీకో కొడైకెనాల్‌కో తీసుకెళ్లలేకపోతున్నామని బాధపడే తల్లిదండ్రులు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిన నడిచేటప్పుడు పిల్లలతో మాట్లాడమని ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం తల్లిదండ్రులకు చెబుతుంది. ఆ దారి ఎంత దూరముండాలో చెప్పలేదు. ఆ ఏడు రోజులను ఇంటికి దగ్గరలోనే ఎలా గడపవచ్చో చూద్దాం.

బస్సు ఖర్చు

2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం కింద రాష్ట్రంలోని మహిళలు, బాలికలు పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితంగా ప్రయాణించవచ్చు. ఆధార్ వంటి గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోవాలి. తల్లి, తండ్రి, ఒక కూతురు, పన్నెండేళ్ల లోపు కొడుకు ఉన్న కుటుంబానికి తండ్రి టికెట్టు, కొడుకు అర టికెట్టు మాత్రమే ఖర్చు. అన్నం ఇంటి నుంచే కట్టుకెళితే మిగిలేది చిరుతిండి ఖర్చే.

సముద్రం: ముత్యాలమ్మపాలెం, పూడిమడక

ముత్యాలమ్మపాలెం తీరం మన మండలంలోనే ఉంది. తెల్లవారాక వెళితే వేట నుంచి వచ్చిన పడవలు, వలలు విప్పడం, చేపల బేరాలు చూడవచ్చు. ఏ చేప పేరేమిటో అక్కడి వారినే అడిగి పిల్లల చేత రాయించండి. అచ్యుతాపురం వైపు తంతడి, పూడిమడక తీరాలున్నాయి.

అయితే ఇవి స్నానానికి అనువైన తీరాలు కావు. 2022 జులై నెలాఖరులో పూడిమడక తీరానికి వెళ్లిన ఇంజనీరింగ్ విద్యార్థులు కొందరు అలల్లో కొట్టుకుపోయి ప్రాణాలు కోల్పోయారు. ఒడ్డుకు వచ్చిన నీరు ఒకచోట సన్నని దారి చేసుకొని వేగంగా లోపలికి తిరిగిపోతుంది. ఆ దారి మీద అలలు తక్కువగా కనిపిస్తాయి కాబట్టి కొత్తవారు అదే మంచి చోటనుకొని దిగుతారు. అందులో చిక్కితే ఒడ్డుకు ఎదురీదకూడదు. ఒడ్డు వెంబడి పక్కకు ఈది, ఆ ప్రవాహం దాటాక వెనక్కి రావాలి. ఈత రానివారు తేలుతూ చేయి ఎత్తి కేకవేయాలి. ఈ మాట పిల్లలకు బయల్దేరే ముందే చెప్పండి. నీళ్లు పాదాలు దాటి పైకి రాకూడదన్న నియమం పెద్దలకూ వర్తించాలి.

కొండకర్ల ఆవ

అచ్యుతాపురం దారిలో ఉన్న మంచినీటి సరస్సు ఇది. తాటి మొద్దులతో చేసిన దోనెలు ఇక్కడి ప్రత్యేకత. వలస పక్షులు వచ్చేది చలికాలంలో. వేసవిలో నీరు కూడా తగ్గుతుంది. అయినా పొద్దున్నే వెళితే కొంగలు, నీటికాకులు కనిపిస్తాయి. దోనె ఎక్కేముందు ధర మాట్లాడుకోండి. ఒక్కో దోనెలో ఎంతమంది ఎక్కాలో నడిపే వ్యక్తి చెప్పిన మాటే వినండి.

బొజ్జన్నకొండ, బెల్లం మార్కెట్

అనకాపల్లికి సుమారు 3 కిలోమీటర్ల దూరంలో శంకరం గ్రామం ఉంది. సంఘారామం అన్న మాటే శంకరంగా మారిందంటారు. ఇక్కడి బొజ్జన్నకొండ, లింగాలకొండల మీద రాతిలో తొలిచిన గుహలు, స్తూపాలు ఉన్నాయి. 1906లో అలెగ్జాండర్ రీ ఆధ్వర్యంలో తవ్వకాలు మొదలయ్యాయి. పుస్తకంలో చదివిన చరిత్ర మన జిల్లాలోనే ఉందని పిల్లలకు తెలుస్తుంది. నీడ తక్కువ, మెట్లు ఎక్కువ కాబట్టి ఉదయమే ఎక్కి దిగాలి. తిరుగు దారిలో అనకాపల్లి బెల్లం మార్కెట్ చూపించండి. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో అది ఒకటి.

ఏటికొప్పాక

యలమంచిలి దగ్గర వరాహ నది ఒడ్డున ఉన్న ఈ ఊరి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవంలో మన రాష్ట్ర శకటం మీద వెళ్లినవి ఈ బొమ్మలే. అంకుడు కర్రను తిప్పుతూ లక్క రంగు అద్దే పని పిల్లలు కళ్లార్పకుండా చూస్తారు. ఒక బొంగరం కొన్నా చాలు, కళాకారుడి శ్రమకు విలువ ఇచ్చినట్టే.

విశాఖకు ఒక్క రోజు

ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి 1969లో నౌకాదళంలో చేరింది. 2001లో విరమించాక ప్రదర్శనశాల అయింది. దానికీ జంతు ప్రదర్శనశాలకూ సోమవారం సెలవు. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే చిన్నపిల్లలు అలసిపోతారు. బస్సులో ఒక కథ కూడా చెప్పవచ్చు: 1805లో జార్జి క్రాన్, అగస్టస్ డేస్ గ్రాంజెస్ అనే ఇద్దరు మిషనరీలు ఈ పట్నానికే వచ్చి, తెలుగు నేర్చుకొని, సువార్తలను తెలుగులోకి తెచ్చే పని మొదలుపెట్టారు.

ఊరు దాటకుండానే

మనకు రోజూ కనిపించే సింహాద్రి విద్యుత్ కేంద్రం సామర్థ్యం 2,000 మెగావాట్లు. అక్కడి వెడల్పాటి శీతలీకరణ గోపురాల నుంచి వచ్చేది పొగ కాదు, నీటి ఆవిరి. పొగ వచ్చేది సన్నగా పొడుగ్గా ఉన్న చిమ్నీల నుంచి. ఈ తేడా పిల్లలను కనిపెట్టమనండి.

తాటి ముంజలు తిన్నాక కాయలతో బండి చేయడం తాతయ్యలకు వచ్చు. అడిగితే సంతోషంగా నేర్పుతారు. మధ్యాహ్నం నీడలో అష్టాచెమ్మా, వామనగుంటలు, సాయంత్రం ఏడుపెంకులాట. ఆవకాయ పెట్టే రోజు ముక్కలు తుడిచే పని పిల్లలది. గ్రంథాలయంలో వేసవి శిబిరం ఉందేమో కనుక్కోండి. సంఘంలో వి.బి.ఎస్. జరిగే రోజుల్లో పక్కింటి పిల్లలనూ పిలవండి.

ఎండ జాగ్రత్త

ఉదయం పదకొండు లోపు, సాయంత్రం నాలుగు తర్వాతే బయట తిరగాలి. మజ్జిగ, నిమ్మనీళ్లు, చోడి అంబలి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్ వెంట ఉండాలి. ఎవరైనా తడబడుతూ మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడుస్తూ 108కు ఫోన్ చేయండి.

చివరిగా సంఘ పెద్దలకు ఒక మాట. తల్లిదండ్రులిద్దరూ పనికి వెళ్లే ఇళ్లు ఏవో మీకు తెలుసు. ఆఫ్ దొరికిన కుటుంబం ఆ ఇంటి పిల్లలను కూడా వెంట తీసుకెళ్లేలా ఆదివారం ఆరాధన ముగిశాక పేర్లు రాసుకోండి. ఆ రోజు ఆ పిల్లలు ఎక్కడున్నారో, ఎవరితో ఉన్నారో తల్లికి తెలిసి ఉంటుంది.