చదువులో ముందుకు సాగడానికి, దెబ్బ తగిలినా నిలబడడానికి ఏవి తోడ్పడతాయి?

 

ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చిన రోజున ఎక్కువగా వినబడే ప్రశ్న ఇది: "ఇద్దరూ ఒకే క్లాసులో, ఒకే సార్ దగ్గర చదువుతున్నారు కదా, ఒకరికి 80, ఇంకొకరికి 35 ఎందుకు?" తెలివి ఒక్కటే కారణమనుకుంటే పొరపాటు. మార్కుల వెనక ఇల్లు, బడి, భాష, ఆరోగ్యం, మనసు అన్నీ ఉంటాయి. ఇంటి ఆదాయం, అమ్మానాన్నల చదువు వంటివి రేపటికి రేపు మారవు. మన చేతిలో ఉన్నవి కూడా తక్కువేమీ కాదు. వాటి గురించే ఈ వ్యాసం.

హాజరు

విద్యాహక్కు చట్టం (2009) 1 నుంచి 5 తరగతులకు ఏడాదికి కనీసం 200, 6 నుంచి 8 తరగతులకు 220 పనిదినాలు ఉండాలంటుంది. నెలకు రెండు రోజులు మానితే ఏం పోతుందిలే అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. పది నెలలకు 20 రోజులు, పది తరగతులకు 200 రోజులు. పదో తరగతి ముగిసేసరికి దాదాపు ఒక ఏడాది బడి పోయినట్టే. పైగా గణితంలో ఒక పాఠం మీద ఇంకో పాఠం నిలబడుతుంది. భాగహారం చెప్పిన వారం రాని పిల్లకు భిన్నాలు కష్టమవుతాయి, భిన్నాలు రాకపోతే బీజగణితం భయపెడుతుంది. పెళ్ళిళ్ళు, జాతరలు, పూల కోతలు మాకూ తెలుసు. మానక తప్పనప్పుడు ముందుగా చెప్పండి. పోయిన పాఠం ఏదో తెలిస్తే దాన్ని మళ్ళీ అందుకోవచ్చు.

ఇంటి భాష

హోసూరు, కృష్ణగిరి వైపు మన పిల్లలు తెలుగు, తమిళం, ఇంగ్లీషు అని మూడు లిపులు నేర్చుకోవాలి. 2006 నాటి చట్టం తర్వాత బడుల్లో తమిళం తప్పనిసరి పాఠమైంది. అందుకే కొందరు తల్లిదండ్రులు "ఇంట్లో తెలుగు మానేస్తే భారం తగ్గుతుందా సార్?" అని అడుగుతున్నారు. తగ్గదు. కెనడాలోని భాషావిద్యా పరిశోధకుడు జిమ్ కమ్మిన్స్ 1979 నుంచీ చెబుతున్నది ఇదే: ఒక భాషలో గట్టిగా నేర్చుకున్న ఆలోచన ఇంకో భాషలో చదవడానికి పనికొస్తుంది. భిన్నం అంటే ఏమిటో తెలుగులో అర్థమైన పిల్లవాడు తమిళంలో 'పిన్నం', ఇంగ్లీషులో 'ఫ్రాక్షన్' అన్న మాటలు మాత్రం నేర్చుకుంటే చాలు. తెలుగులోనే అర్థం కాకపోతే మూడు చోట్లా బట్టీయే గతి. 2020 జాతీయ విద్యావిధానం కూడా వీలున్నంతవరకు కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలోనే బోధించమంది. అలాగని తమిళాన్ని తక్కువ చూడకండి. మనం బతుకుతున్న నేల భాష అది, రేపటి ఉద్యోగానికీ కావాలి.

చదివే పద్ధతి

విద్యార్థులారా, ఇది మీకు. ఒకే పాఠాన్ని నాలుగుసార్లు చదివితే వచ్చేసిందనిపిస్తుంది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని పరీక్షించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళే మెరుగు. వారం తర్వాత అడిగితే, తక్కువ చదివి, పుస్తకం చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళు చాలా ముందున్నారు. కాబట్టి చదవండి, పుస్తకం మూయండి, రాయండి, తప్పులు చూసుకోండి. మూడు రోజుల తర్వాత మళ్ళీ రాయండి.

తిండి, నిద్ర

ఖాళీ కడుపుతో వచ్చిన పిల్లకు మొదటి పీరియడ్ తలకెక్కదు. తమిళనాడులో 2022లో మొదలైన ఉదయం అల్పాహార పథకం 1 నుంచి 5 తరగతుల పిల్లల కోసమే. పెద్ద తరగతుల వాళ్ళకు ఇంట్లోనే ఏదో ఒకటి పెట్టి పంపండి, రాగి అంబలి అయినా సరే. 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకు 8 నుంచి 10 గంటలు నిద్ర అవసరమని వైద్య నిపుణులు చెబుతారు. రాత్రి సెల్‌ఫోన్ పిల్లల పడక దగ్గర ఉండకూడదు.

తట్టుకుని నిలబడే శక్తి

హవాయి దీవుల్లోని కవాయ్‌లో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్, రూత్ స్మిత్ దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, ఇంట్లో గొడవలు వంటి చాలా కష్టాల మధ్య పెరిగిన పిల్లల్లో సుమారు మూడోవంతు మంది సమర్థులైన పెద్దవాళ్ళయ్యారు. వాళ్ళలో తరచుగా కనబడినది ఏమిటంటే, చిన్నప్పటి నుంచి నమ్మకంగా వెన్నంటి ఉన్న ఒక పెద్ద మనిషి. అమ్మానాన్నలే కానక్కరలేదు, అవ్వ కావచ్చు, మామ కావచ్చు, టీచరు కావచ్చు. చిన్న వయసులోనే ఇంటి పనిలో బాధ్యత తీసుకోవడం కూడా వాళ్ళకు మేలు చేసింది.

దీన్నిబట్టి ఒక మాట. ఫ్యాక్టరీ షిఫ్టుల వల్ల, బెంగళూరు పనుల వల్ల మీరు పగలంతా ఇంట్లో ఉండలేకపోవచ్చు. రోజుకు పదిహేను నిమిషాలు పిల్లవాడు చెప్పేది వినండి. చదువురాని అవ్వ అయినా "ఈ రోజు ఏం చెప్పారమ్మా?" అని అడిగితే చాలు, ఆ బిడ్డ పాఠాన్ని ఇంకోసారి గుర్తు తెచ్చుకుంటుంది.

ఫెయిల్ అయితే

పదో తరగతిలో ఒక సబ్జెక్టు పోతే ఏడాది పోయినట్టు కాదు. ఆ ఏడాదే సప్లిమెంటరీ పరీక్ష ఉంటుంది. ఫలితాలు వచ్చిన రోజున "పక్కింటి వాడిని చూడు" అనకండి. మొదట అన్నం పెట్టండి, మరునాడు కూర్చుని ఏ పాఠంలో మార్కులు పోయాయో చూడండి. "నువ్వు మొద్దువి" అంటే దిద్దుకోవడానికి ఏమీ మిగలదు. "ఈ రెండు పాఠాలు రాలేదు" అంటే రేపు చేయాల్సిన పని తెలుస్తుంది. బిడ్డ మాట తగ్గించినా, తిండి మానినా, చావు మాటలు మాట్లాడినా వెంటనే మాకు చెప్పండి, ఒంటరిగా వదలకండి. టెలిమానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. చైల్డ్‌లైన్ నంబరు 1098.

ఈ వారం నుంచే చేయగలిగినవి

• బడి మానిన రోజులను క్యాలెండరులో గుర్తు పెట్టండి.
• రోజూ పది నిమిషాలు తెలుగు పుస్తకమో, వార్తాపత్రికో పిల్లల చేత పైకి చదివించండి.
• పడుకునే వేళ ఒకటే ఉంచండి.
• ఇంట్లో ఒక పని పిల్లలకు అప్పగించండి.
• మార్కులు తగ్గినప్పుడు మాత్రమే కాకుండా, ఊరికే ఒకసారి బడికి వచ్చి టీచర్లతో మాట్లాడండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు