ప్రోస్టేటు గ్రంథిలో ఒక ఎంజైము

మూత్రాశయం అడుగున, మూత్రనాళాన్ని చుట్టుకొని ఉండే ప్రోస్టేటు గ్రంథి వీర్యంలో కలిసే ద్రవాన్ని స్రవిస్తుంది. మగ క్షీరదాలలో దాదాపు అన్నిటికీ ఇది ఉన్నది. అవయవం ఒకటే గనుక అందులోని రసాయనాలు కూడా ఒకటే అయి ఉండవలెననిపిస్తుంది. అట్లా కాదని ఒక ఎంజైమును కొలిచిన మీదట తెలిసింది.

1935లో జర్మనీలో కుట్షర్, వోల్‌బెర్గ్స్ అనే శాస్త్రజ్ఞులు మనిషి ప్రోస్టేటులో ఆమ్ల ఫాస్ఫటేజు విస్తారంగా ఉన్నదని చూపారు. ఆమ్ల ద్రావణంలో ఫాస్ఫేటు ఎస్టర్లను విడగొట్టడం ఈ ఎంజైము పని. దీనిని తూచనక్కరలేదు, అది చేసిన పనిని కొలిస్తే చాలును. గ్రంథి ముక్కను తూచి, నూరి, నీటితో సారం తీస్తారు. దానికి ఫినైల్ ఫాస్ఫేటు కలిపి, పీహెచ్ సుమారు 5 వద్ద, 37 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో నియమిత కాలం ఉంచుతారు. అప్పుడు విడుదలయ్యే ఫినాలు ఫోలిన్ కారకంతో నీలిరంగునిస్తుంది. రంగు ఎంత చిక్కనైతే ఎంజైము అంత చురుకైనదన్నమాట. ఫినైల్ ఫాస్ఫేటుతో కొలిచే ఈ పద్ధతిని 1934లో కింగ్, ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రకటించారు. వేడి గాని, ఆమ్లత గాని, కాలం గాని మారిందా, రెండు జంతువుల అంకెలను పోల్చడం వ్యర్థం.

న్యూయార్కులో గుట్మన్ దంపతులు ఈ కొలతను ముందుకు తీసుకుపోయారు. పసిపిల్లల గ్రంథిలో ఈ ఎంజైము అత్యల్పం. యుక్తవయస్సు తర్వాత ఎన్నో రెట్లు పెరుగుతుంది. 1939లో వారు ఈడు రాని రీసస్ కోతులకు టెస్టోస్టిరోన్ ప్రోపియొనేటు ఇచ్చారు. వాటి గ్రంథిలో ఎంజైము ఎదిగిన కోతుల స్థాయిని అందుకున్నది. ఈ కథలో నాకు అన్నిటికంటె మెచ్చుకోదగినదిగా తోచేది ఈ ప్రయోగమే. ఎంజైమును పెంచేది వయస్సు కాదు, వృషణాల హార్మోను.

కుక్క, ఎలుక, గినీపిగ్గులలో మాత్రం మనిషితో పోల్చితే ఈ ఎంజైము బహు స్వల్పం. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ముసలితనంలో మనకువలె ప్రోస్టేటు జబ్బులు తరచుగా వచ్చే పెంపుడు జంతువు కుక్కే. చికాగోలో చార్లెస్ హగిన్స్ కుక్కలపైనే పనిచేశాడు. అయితే ఆయన కొలిచినది గ్రంథి స్రవించే ద్రవాన్ని, మిల్లీలీటర్లలో. వృషణాలు తీసివేస్తే ఆ స్రావం ఆగిపోయింది. మరి మనిషిలో ఏమి జరుగుతున్నదో గ్రంథిని బయటికి తీయకుండా తెలిసేదెట్లా?

అందుకు దారి అప్పటికే ఏర్పడి ఉన్నది. ప్రోస్టేటు కాన్సరు ఎముకలకు ప్రాకిన రోగుల రక్తంలో ఈ ఎంజైము పెరుగుతుందని గుట్మన్ దంపతులు 1938లో చూపారు. 1941లో హగిన్స్, హాడ్జెస్ అటువంటి రోగుల రక్తంలో దానిని కొలుస్తూ పోయారు. వృషణాలు తీసివేస్తే, లేక ఈస్ట్రోజెన్ ఇస్తే అంకె దిగింది. ఆండ్రోజెన్ ఇస్తే ఎక్కింది. కాన్సరు కూడా హార్మోనుకు లోబడి ఉండగలదని ఆ అంకెలు చెప్పాయి. ఈ కృషికి హగిన్సుకు 1966లో నోబెల్ బహుమతి లభించింది.

1980 తర్వాత రక్తపరీక్షలలో ఆమ్ల ఫాస్ఫటేజు స్థానాన్ని పి.ఎస్.ఎ. అనే మరొక ప్రోటీను ఆక్రమించింది. అదీ ఎంజైమే. కుక్క ప్రోస్టేటు దానిని తయారుచేయదు. కుక్క స్రావంలో ముఖ్యమైన ప్రోటీను ఆర్జినిన్ ఎస్టరేజు.