సీసీ కెమెరాల ఫర్మ్‌వేర్‌లో భద్రతా లోపాల గుర్తింపు

ప్రత్యేక వ్యాసం

మెదక్: జిల్లా కేంద్రమైన మెదక్ పట్టణంలో నేడు బంగారు దుకాణాలు, బ్యాంకులు, ఆసుపత్రులు, ఫంక్షన్ హాళ్లలో సీసీ కెమెరా సర్వసాధారణమైనది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజా భద్రతా చర్యల అమలు చట్టం, జనసమ్మర్దం గల సంస్థలు కెమెరాలు అమర్చుకోవాలనీ, దృశ్యాలను 30 రోజుల పాటు భద్రపరచాలనీ నిర్దేశించింది. అయితే ఇంటర్నెట్‌కు అనుసంధానించబడిన కెమెరా యజమానికి దృశ్యాలు చూపినట్లే, లోపం ఉన్న పక్షంలో అపరిచితునికి కూడా చూపగలదు. ఈ లోపం ఎక్కడ దాగి ఉంటుంది, దానిని నిపుణులు ఎట్లు కనుగొంటారు అన్న విషయాలు అధికారులకు, పాత్రికేయులకు తెలిసి ఉండటం అవసరం.

కెమెరా నిజానికి ఒక చిన్న కంప్యూటర్. అత్యధిక కెమెరాలు లినక్స్ ఆధారంగా పనిచేస్తాయి. వాటిని నడిపించే ప్రోగ్రాముల సముదాయమే ఫర్మ్‌వేర్. ఇది గోరంత ఫ్లాష్ చిప్‌లో నిక్షిప్తమై ఉంటుంది. కార్యాలయపు కంప్యూటర్ తనంతట తాను అప్‌డేట్‌ను అడుగుతుంది. గోడపై కెమెరా అడగదు. అమర్చిన నాటి ఫర్మ్‌వేర్‌తోనే ఏళ్ల తరబడి నడుస్తూ ఉంటుంది.

దీని పర్యవసానం 2016లో ప్రపంచానికి తెలిసివచ్చింది. మిరాయ్ అనే హానికర ప్రోగ్రాం, తయారీదారులు పెట్టిన సుమారు 60 యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జంటలను ప్రయత్నించి లక్షలాది కెమెరాలు, రికార్డర్లు, రౌటర్లను వశపరచుకున్నది. ఆ ఏడాది అక్టోబర్ 21న వాటిలో కొన్నింటిని ఒక్కసారిగా డైన్ సంస్థపైకి మళ్లించగా ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటి సేవలు గంటల తరబడి స్తంభించినవి. కొన్ని పరికరాలలో యజమాని తెరపై పాస్‌వర్డ్ మార్చినప్పటికీ, ఫర్మ్‌వేర్‌లో రాసిపెట్టిన మరొక పాస్‌వర్డ్ అట్లే ఉండిపోయినది. కనుక తప్పంతా వినియోగదారునిదే అనడం సమంజసం కాదు.

లోపాలను కనుగొనడానికి పరీక్షకులు ముందుగా ఫర్మ్‌వేర్ ప్రతిని సంపాదిస్తారు. తయారీదారు వెబ్‌సైట్‌లో అప్‌డేట్ ఫైలు లభిస్తే పని సులువు. లేనిచో కెమెరాను విప్పి, చిప్‌కు క్లిప్ తగిలించి అందులోని సమాచారాన్ని నకలు తీస్తారు. మరమ్మతుల కోసం సర్క్యూట్ బోర్డుపై వదిలివేసిన సీరియల్ పోర్టు కూడా ఒక్కొక్కసారి దారి ఇస్తుంది. అట్లు లభించిన ఫైలును బిన్‌వాక్ వంటి ఉచిత సాధనంతో విడదీస్తే లోపలి ఫోల్డర్లు బయటపడతాయి. ఫైలు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే ఇక్కడే పని ఆగిపోవచ్చు.

ఆ తరువాతి పని ఓపికతో కూడినది. మొదట పాస్‌వర్డ్ ఫైళ్లను, రహస్య కీలను వెదకుతారు. ఒకే కీ ఒక మోడల్‌కు చెందిన కెమెరాలన్నింటిలోనూ ఉన్నట్లయితే, ఒక కెమెరా విప్పినవాడు అన్నింటినీ విప్పినట్లే. పిదప అందులోని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, బిజీబాక్స్ వంటి భాగాల వెర్షన్లను, ఇదివరకే వెల్లడైన లోపాల జాబితాతో సరిచూస్తారు. 2014లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ వంటి పాత లోపాలను ఈ విధంగా పట్టవచ్చును. కొత్త లోపాల కోసం మాత్రం ప్రోగ్రాంనే చదవవలసి ఉంటుంది. అమెరికా జాతీయ భద్రతా సంస్థ 2019లో ఉచితంగా విడుదల చేసిన గిద్రా ఇందుకు తోడ్పడుతుంది. బయటి నుండి వచ్చిన అక్షరాలను తనిఖీ లేకుండా నేరుగా ఆదేశంగా అమలుచేసే చోటు అత్యంత ప్రమాదకరమైనది. చివరగా ఫర్మ్‌వేర్‌ను కంప్యూటర్‌లోనే కృత్రిమంగా నడిపించి, అడ్డదిడ్డమైన సమాచారం పంపి ఎక్కడ కూలుతుందో పరిశీలిస్తారు.

2021 సెప్టెంబర్‌లో హిక్‌విజన్ కెమెరాలలో వెల్లడైనది సరిగ్గా ఇటువంటి లోపమే. పాస్‌వర్డ్ తెలియకుండానే, ఒక సందేశంతో కెమెరాను పూర్తిగా స్వాధీనం చేసుకునే వీలుండటంతో దీనికి తీవ్రతలో 10కి 9.8 స్కోరు లభించినది. సంస్థ సవరించిన ఫర్మ్‌వేర్‌ను విడుదల చేసినది. దానిని ఎక్కించవలసిన బాధ్యత మాత్రం కెమెరా యజమానులపై పడినది.

కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక మంత్రిత్వ శాఖ 2024 ఏప్రిల్‌లో సీసీ కెమెరాలకు తప్పనిసరి భద్రతా ప్రమాణాలను ప్రకటించినది. 2025 ఏప్రిల్ 9 నుండి ఇవి అమలులోకి వచ్చినవి. కీలక భాగాలు ఏ దేశానివో తెలుపుట, మరమ్మతు పోర్టులను మూసివేయుట, ఫర్మ్‌వేర్ పరీక్ష, సమాచార ఎన్‌క్రిప్షన్ ఇందులోని ముఖ్యాంశాలు. అయితే అంతకు ముందే గోడకెక్కిన కెమెరాలు ఈ పరీక్షను ఎదుర్కొన్నవి కావు.

పాత్రికేయులు ఒక భేదాన్ని గమనించవలసి ఉన్నది. 2025లో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరా దృశ్యాలు ఇంటర్నెట్‌లో అమ్మకానికి వచ్చిన ఉదంతంలో, మార్చని డిఫాల్ట్ పాస్‌వర్డే కారణమని వార్తలు వెలువడినవి. అటువంటి చోట పాస్‌వర్డ్ మార్పు చాలును. ఫర్మ్‌వేర్ లోపమైతే చాలదు. "కెమెరా హ్యాక్" అని శీర్షిక పెట్టే ముందు మోడల్, ఫర్మ్‌వేర్ వెర్షన్ ఏమిటో అడిగి తెలుసుకొనుట మేలు.

యజమాని అనుమతి లేకుండా ఇతరుల పరికరాలలోకి ప్రవేశించడం సమాచార సాంకేతిక చట్టం, 2000 లోని 43, 66 సెక్షన్ల క్రింద శిక్షార్హము. పరీక్షలు సొంత పరికరంపైనో, లిఖితపూర్వక అనుమతితోనో జరుపవలెను. లోపం కనుగొన్నవారు తయారీదారునకు, జాతీయ స్థాయిలో సెర్ట్-ఇన్‌కు తెలియజేయవచ్చును.

కార్యాలయాల అధికారులు తమ ఆవరణలోని ప్రతి కెమెరా, రికార్డర్ యొక్క మోడల్, ఫర్మ్‌వేర్ వెర్షన్, అమర్చిన తేదీలను ఒక రిజిస్టరులో నమోదు చేయించుట తొలి మెట్టు. తయారీదారు అప్‌డేట్లు నిలిపివేసిన కెమెరాలను ఇంటర్నెట్ నుండి తొలగించవలెను. ఇంటర్నెట్ లేకున్నను స్థానిక రికార్డర్‌లో దృశ్యాలు నమోదవుతూనే ఉంటాయి కనుక 30 రోజుల నిబంధనకు ఇందువలన భంగం కలుగదు.