పిల్లల్లో క్రియాత్మక వినికిడి లోపం

చెవిలోగానీ శ్రవణనాడిలోగానీ తగిన కారణం లేకున్నా, పరీక్షలో వినికిడి తగ్గినట్టు కనిపించే స్థితిని క్రియాత్మక వినికిడి లోపం అంటారు. ఇది బడి ఈడు పిల్లల్లో, అందులోనూ ఆడపిల్లల్లో ఎక్కువ. చాలామంది పిల్లలు కావాలని నటించరు; చదువు భారం, తోటివారి వేధింపులు, ఇంట్లో కలతల వల్ల కలిగే ఒత్తిడి ఈ రూపంలో బయటపడుతుంది.

నిర్ధారణకు ఫలితాల మధ్య పొంతన లేకపోవడమే తొలి ఆధారం. ఆడియోగ్రామ్‌లో 60 డెసిబెల్స్ లోపం చూపిన పాప, వెనకనుంచి మెల్లగా అడిగిన ప్రశ్నకు తడుముకోకుండా జవాబిస్తుంది. బిడ్డ స్పందనతో పనిలేని ఓఏఈ (లోపలి చెవి స్పందనను కొలిచేది), ఏబీఆర్ (శ్రవణనాడి, మెదడుకాండం స్పందనను కొలిచేది) పరీక్షలు మామూలుగా వస్తాయి. శ్రవణనాడి లోపంలోనూ ఓఏఈ మామూలుగా ఉండవచ్చు కనుక రెండూ చేయాలి.

ఈ పిల్లల్లో కొందరికి అభ్యసన ఇబ్బందులు, ఏకాగ్రత లోపం, ఆటిజం వంటి వికాస సమస్యలు ఉంటాయి. తరగతిలో వెనకబడడం, మాట అర్థంకాకపోవడం ఒత్తిడిని పెంచుతాయి. అందుకే తెలివితేటలు, భాష, ప్రవర్తనలను కూడా అంచనా వేయాలి.

క్రియాత్మక వినికిడి లోపానికి వినికిడి యంత్రం అవసరం లేదు. బిడ్డను నిందించకుండా ధైర్యం చెప్పడం, అసలు ఒత్తిడిని తొలగించడం, అవసరమైతే మానసిక నిపుణుల సాయం తీసుకోవడమే చికిత్స. చాలామందిలో వినికిడి మామూలు స్థితికి వస్తుంది.