వైద్యుని బాధ్యత : బాగ్దాదు నేర్పిన పాఠం

రోగికి మేలు చేయగోరి వైద్యుడు మందు ఇస్తాడు. ఒక్కొక్కప్పుడు ఆ మందే ప్రాణం తీస్తుంది. అప్పుడు జవాబుదారీ ఎవరిది? వైద్యుణ్ణి కఠినంగా శిక్షిస్తే రేపు క్లిష్టమైన రోగాన్ని ముట్టుకోవడానికి ఏ వైద్యుడూ సాహసించడు. ఊరికే వదిలేస్తే వైద్యం పేరుతో ప్రతివాడూ జనం ప్రాణాలతో చెలగాటమాడతాడు. ఈ రెండింటి నడుమ న్యాయమైన దారి ఏది? ఇస్లామీయ చరిత్రలో ఈ ప్రశ్న పండితుల గ్రంథాలకే పరిమితం కాలేదు. అది ఖలీఫా దర్బారుకూ, బజారు వీధులకూ, ఖాజీ న్యాయస్థానానికీ కూడా వచ్చింది.

దీనికి మూలసూత్రం హదీసులోనే కలదు. వైద్యంలో ప్రావీణ్యం ఉన్నట్లు ముందుగా ఎరుగబడని వ్యక్తి వైద్యానికి పూనుకుంటే, జరిగిన నష్టానికి అతడే పూచీ వహించాలని దైవప్రవక్త (స) బోధించినట్లు అబూ దావూద్, నసాయీ, ఇబ్నె మాజా గ్రంథాలలో ఉల్లేఖించబడింది. సూత్రం స్పష్టమే. కాని ఒక వ్యక్తికి ప్రావీణ్యం ఉందో లేదో తేల్చేదెవరు? ఎలా తేల్చాలి? ఈ చిక్కుముడిని విప్పే బాధ్యత తరువాతి తరాలపై పడింది.

హి. 319 నాటి ఆజ్ఞ

హి. 319 (క్రీ.శ. 931)లో బాగ్దాదులో ఒక సామాన్యుడు వైద్యుని పొరపాటు వలన మరణించాడన్న వార్త అబ్బాసీ ఖలీఫా ముఖ్తదిర్ చెవిన పడింది. సినాన్ బిన్ సాబిత్ బిన్ ఖుర్రా పరీక్షించి అనుమతి వ్రాసి ఇస్తే తప్ప ఎవరూ వైద్యం చేయరాదని ఖలీఫా ముహ్తసిబ్‌ను, అంటే బజారు వ్యవహారాలను తనిఖీ చేసే అధికారిని, ఆజ్ఞాపించాడు. నగరానికి రెండు వైపులా కలిపి పరీక్షకు వచ్చినవారి సంఖ్య 860కి పైగా ఉందని చరిత్రకారులు వ్రాశారు. ఎవరెవరు ఏయే చికిత్సలు చేయవచ్చునో సినాన్ విడివిడిగా నిర్ణయించి అనుమతులిచ్చాడు.

ఇక్కడ రెండు విషయాలు గమనించదగినవి. మొదటిది, సినాన్ హర్రాన్‌కు చెందిన సాబియీ కుటుంబంవాడు. అతడు ఇస్లాం స్వీకరించినది ఆ తరువాత, ఖలీఫా ఖాహిర్ కాలంలో. ముస్లిముల ప్రాణరక్షణకు సంబంధించిన ఈ పెద్ద బాధ్యతను అప్పగించేటప్పుడు చూసినది మతాన్ని కాదు, విద్యను. రెండవది అంత మెచ్చదగినది కాదు. పేరుప్రఖ్యాతులున్న వైద్యులనూ, దర్బారు కొలువులో ఉన్నవారినీ ఈ పరీక్ష నుండి మినహాయించారు. పేరున్నంత మాత్రాన పొరపాటు జరగదనే హామీ లేదు. చట్టం పెద్దల గడప దగ్గర ఆగిపోయే జాడ్యం ఆనాడూ ఉంది.

వృద్ధుని కథ

ఈ పరీక్షల సందర్భంలోనే జరిగిన ఒక సంఘటనను చరిత్రకారులు నమోదు చేశారు. మంచి దుస్తులు ధరించిన ఒక గంభీరమైన వృద్ధుడు సినాన్ వద్దకు వచ్చాడు. సినాన్ అతణ్ణి గౌరవంగా కూర్చోబెట్టి, కొంతసేపటికి అతని గురువు ఎవరని అడిగాడు. వృద్ధుడు చొక్కా చేతిలో నుండి ఒక పొట్లం తీసి బంగారు దీనార్లు ముందుంచాడు. తనకు చదవడం, వ్రాయడం సరిగా రాదనీ, భార్యాబిడ్డలు తన సంపాదన మీదనే బ్రతుకుతున్నారనీ, ఆ జీవనాధారాన్ని త్రెంచవద్దనీ వేడుకున్నాడు.

సినాన్ నవ్వాడు. తెలియని రోగానికి చికిత్స చేయరాదు, స్వల్పమైన జబ్బులకు తప్ప రక్తం తీయడం గాని విరేచనాల మందు గాని చెప్పరాదు అనే షరతులతో అనుమతి ఇచ్చాడు. తాను సికంజబీన్, గులాబీ పానకం దాటి ఎన్నడూ పోలేదని వృద్ధుడు జవాబిచ్చాడు. మరునాడు ఒక యువకుడు వచ్చాడు. ఎవరి వద్ద చదువుకున్నావని అడిగితే తండ్రి వద్ద అన్నాడు. తండ్రి ఎవరంటే, నిన్న వచ్చిన వృద్ధుడే! తండ్రి పద్ధతిని మించి పోవద్దని చెప్పి సినాన్ అతణ్ణీ పంపివేశాడు.

ఈ కథను చాలామంది హాస్యం కోసం చెప్పుకుంటారు. కాని ఇందులో ఒక ధర్మసంకటం దాగి ఉంది. వృద్ధుణ్ణి నిషేధిస్తే ఒక కుటుంబం వీధిన పడుతుంది. పూర్తి స్వేచ్ఛ ఇస్తే రోగుల ప్రాణాలు ప్రమాదంలో పడతాయి. సినాన్ ఎంచుకున్నది మధ్యేమార్గం. మనిషిని తొలగించలేదు, అతని చేతిలోని ప్రమాదాన్ని తొలగించాడు. అపాయం తక్కువ గల పానకాలు అతనికి మిగిల్చి, అపాయం గల చికిత్సలను దూరం చేశాడు. అయితే వృద్ధునికి చూపిన దయ అతని వయస్సుకూ, అవసరానికీ చెల్లుతుంది. నేర్చుకునే వయస్సులో ఉన్న కొడుక్కి అదే సడలింపు ఇవ్వడం సమంజసమా? కరుణ వారసత్వంగా మారితే అజ్ఞానం కూడా వారసత్వమవుతుంది. సినాన్ నిర్ణయంలోని బలం, బలహీనత రెండూ ఇక్కడే కనిపిస్తాయి.

ఎవరికి ముందు?

ముఖ్తదిర్ కాలపు మంత్రి అలీ బిన్ ఈసా సినాన్‌కు వ్రాసిన లేఖలు కూడా ప్రసిద్ధమైనవి. చెరసాలల్లో రోగులు ఎక్కువగా ఉంటారు గనుక వైద్యులు ప్రతిదినం అక్కడికి వెళ్ళి మందులివ్వాలని ఒక లేఖలో ఆదేశించాడు. వైద్యులు లేని సవాద్ గ్రామాలకు మందుల పేటికలతో సంచార వైద్యులను పంపాలని మరొక లేఖలో కోరాడు. ఆ బృందం యూదులు అధికంగా నివసించే సూరా ప్రాంతానికి చేరినప్పుడు వారికి చికిత్స చేయవచ్చునా అనే ప్రశ్న వచ్చింది. రాజధాని ఆసుపత్రిలో ముస్లిములకూ, ముస్లిమేతరులకూ చికిత్స చేసే ఆచారమే ఉందని సినాన్ మంత్రికి గుర్తు చేశాడు. జిమ్మీలకూ, పశువులకూ కూడా వైద్యం చేయడం సరైనదేనని మంత్రి అంగీకరించాడు. కాని పశువుల కన్న మనుషులకు, జిమ్మీల కన్న ముస్లిములకు ముందు చికిత్స జరగాలని వరుస నిర్ణయించాడు.

మందులు పరిమితంగా ఉన్నప్పుడు ఎవరికి ముందు అనే ప్రశ్న ప్రతి కాలంలోనూ వస్తుంది. మంత్రి నిర్ణయించిన వరుసలో ఆనాటి రాజ్యవ్యవస్థ ప్రతిబింబిస్తుంది. సినాన్ గుర్తు చేసిన ఆసుపత్రి ఆచారంలో రోగి అవసరమే ప్రమాణం. నేటి వైద్యనీతికి దగ్గరగా ఉన్నది మంత్రి మాట కాదు, వైద్యుని మాటే.

చీటీ నకలు

పన్నెండవ శతాబ్దంలో సిరియాకు చెందిన షైజరీ ముహ్తసిబ్‌ల కోసం ఒక కరదీపిక వ్రాశాడు. వైద్యులచేత ముహ్తసిబ్ హిపొక్రటీసు ప్రమాణం చేయించాలని అందులో ఉంది. విషం ఇవ్వరాదు, గర్భస్రావం మందులు చెప్పరాదు, పరస్త్రీలున్న ఇంట చూపు దించుకోవాలి, రోగి రహస్యం బయటపెట్టరాదు. దీనికి చాలా ముందే హునైన్ బిన్ ఇస్‌హాఖ్ (మ. 873) అనే క్రైస్తవ వైద్యుడు, శత్రువును చంపడానికి విషం తయారు చేయమన్న ఖలీఫా ముతవక్కిల్ ఆజ్ఞను తిరస్కరించి చెరసాల పాలయ్యాడని ఇబ్నె అబీ ఉసైబిఆ (మ. 1270) వ్రాశాడు. తన ధర్మమూ, తన వృత్తీ రెండూ అందుకు అడ్డు వచ్చాయని హునైన్ చెప్పిన కారణం.

షైజరీ గ్రంథంలో అన్నింటికన్న ఆచరణయోగ్యమైన అంశం మరొకటి. వైద్యుడు రోగాన్నీ, ఇచ్చిన మందులనూ చీటీపై వ్రాసి, నకలు రోగి కుటుంబానికి ఇవ్వాలి. రోగి మరణిస్తే కుటుంబం ఆ చీటీలను పేరుగాంచిన పెద్ద వైద్యుని ముందుంచాలి. చికిత్స సరిగా జరిగిందని తేలితే ఆయువు తీరిందని చెప్పి పంపుతారు. నిర్లక్ష్యం జరిగిందని తేలితే వైద్యుని నుండి రక్తపరిహారం కోరవచ్చు. ఆరోపణ పుకారు మీద కాక వ్రాతపూర్వకమైన ఆధారం మీద నిలవాలన్నదే దీని సారం.

ధర్మశాస్త్ర వివరణ

హి. 751 (క్రీ.శ. 1350)లో మరణించిన ఇబ్నె ఖయ్యిమ్ ఈ విషయాన్ని ఇంకా సూక్ష్మంగా విభజించాడు. విద్య ఉండి, అనుమతి పొంది, చేయి తప్పకుండా చికిత్స చేసిన వైద్యునిపై, రోగి మరణించినా, బాధ్యత లేదు. విద్య లేకుండా రోగిని మోసగించినవాడు బాధ్యుడు. నిపుణుడే అయినా చేయి జారి ఆరోగ్యంగా ఉన్న అవయవాన్ని గాయపరిస్తే పరిహారం చెల్లించాలి. నిపుణుడు శ్రద్ధతో ఆలోచించి ఇచ్చిన మందు వికటిస్తే, పరిహారం బైతుల్‌మాల్ భరించాలా, వైద్యుని బంధువర్గం భరించాలా అనే విషయంలో రెండు అభిప్రాయాలున్నాయి. ఈ చివరి మాట లోతైనది. నష్టపోయిన కుటుంబానికి న్యాయం జరగాలి, నిజాయితీపరుడైన వైద్యుడు ఒంటరిగా కూలిపోనూ కూడదు. భారాన్ని సమాజం పంచుకోవాలి.

భారత సుప్రీంకోర్టు 1995లో రుసుము తీసుకునే వైద్యసేవలను వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి తెచ్చింది. వైద్యునిపై క్రిమినల్ చర్యకు ముందు స్వతంత్ర వైద్యనిపుణుని అభిప్రాయం తీసుకోవాలని 2005లో చెప్పింది. షైజరీ పేర్కొన్న పెద్ద వైద్యుని తీర్పు ఈ సందర్భంలో తప్పక గుర్తుకు వస్తుంది. హైదరాబాదు దాయిరతుల్ మఆరిఫ్ 1955లో మొదలుపెట్టి రాజీ మహాగ్రంథం ‘అల్ హావీ’ని 23 భాగాలుగా ముద్రించి మన వైద్య వారసత్వాన్ని లోకానికి అందించింది. ఆ వారసత్వాన్ని పొగడడంతో మన కర్తవ్యం తీరదు. వైద్యవృత్తిలోకి వెళ్ళే మన యువకులు చేతికి వచ్చిన రోగిని తమకు అప్పగించబడిన అమానతుగా భావించాలి. తెలియనిది తెలియదని ఒప్పుకోవాలి, చేసినది వ్రాసి ఇవ్వాలి. రోగి కుటుంబం కూడా దుఃఖంలో వైద్యునిపై చేయి ఎత్తక, ఆధారంతో న్యాయం కోరాలి. బాగ్దాదులో ఒక అనామక రోగి మరణం లేవనెత్తిన ప్రశ్నకు ఇరుపక్షాలూ ఇవ్వగల జవాబు ఇదే.