పచ్చికకు ఎరువు, పెంపుడు జంతువుకు ముప్పు

ఇంటి ముంగిట పచ్చిక పెంచువారు తరచుగా కుక్కనో, పిల్లినో కూడ పెంచుచుందురు. పచ్చికకు ఎరువు చల్లిన దినమున ఈ రెండు ముచ్చటలును ఒకదానికొకటి అడ్డు వచ్చును. ఈ చిక్కు ఎట్లు కలిగినదో తెలియుటకు మనము ఎరువుల చరిత్రను కొంత పరికింపవలెను.

పూర్వము ఎరువనగా ముఖ్యముగా పెంటయే. పశువు మేసిన గడ్డి పేడయై, దిబ్బలో మాగి, తిరిగి నేలకు చేరెడిది. 1840లో జర్మనీ దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు లీబిగ్, మొక్కలకు ఖనిజ లవణములు ఆహారమని తన గ్రంథమున వాదించెను. 1842లో ఇంగ్లండునందు లాస్ సూపర్ ఫాస్ఫేటు తయారీకి పేటెంటు పొందెను. 1913లో జర్మనీలోని ఓపౌ కర్మాగారమున గాలిలోని నత్రజనితో అమ్మోనియాను పెద్ద యెత్తున తయారు చేయసాగిరి. మన దేశమున సింద్రీ కర్మాగారము 1951లో ఉత్పత్తి ప్రారంభించెను. ఎరువు దిబ్బను వీడి సంచిలోనికి వచ్చినది.

ఈ రసాయనములను ఎక్కువగా తినిన కుక్కకు వాంతులు, విరేచనములు కలుగును. ఆవు, మేక వంటి నెమరు వేయు జంతువులకు యూరియా మరింత అపాయకరము. వాటి పొట్టలోని సూక్ష్మజీవులు దానిని త్వరితముగా అమ్మోనియాగా మార్చును. కొలది గంటలలోనే ప్రాణము పోవచ్చును.

అయితే కుక్కలకు అన్నిటికంటె భయంకరమైన ఎరువు కర్మాగారపు రసాయనము కాదు. మన రైతులు చిరకాలముగా ఎరిగిన ఆముదపు పిండియే. వారు తెలగపిండిని పశువులకు పెట్టిరి. ఆముదపు పిండిని మాత్రము పొలమునకే వేసిరి. ఆ జాగ్రత్తకు శాస్త్రీయమైన కారణము 1888లో తెలిసినది. డోర్పాట్ విశ్వవిద్యాలయమున స్టిల్‌మార్క్ ఆముదపు గింజల నుండి ఒక విషమును వేరుచేసి, దానికి రిసిన్ అని పేరిడెను. అది మాంసకృత్తు, నూనెలో కరుగదు. అందుచే ఆముదము మందైనది, విషము పిండిలో నిలిచినది. బాగుగా వేడిచేసినచో అది నశించును. వేడి చాలనిచో నిలిచియుండును. ఆ పిండి వాసన కుక్కలను ఆకర్షించును. ఎముకల పొడి కలిసినచో ఆకర్షణ ఇంకను హెచ్చు. దీనికి నిర్దిష్టమైన విరుగుడు లేదు.

సంచిలో ఎరువు కొని తెచ్చుకొను పట్టణ గృహస్థునకు రైతు నేర్చిన జాగ్రత్త దానితోపాటు రాదు. కావున కుక్క తిరుగు ఇంట ఆముదపు పిండిని వాడకుండుటే మేలు. బాగుగా మాగిన పశువుల ఎరువు చాలును. రసాయనపు ఎరువు చల్లినచో సమృద్ధిగా నీరు పెట్టి, గుళికలు కరిగి పచ్చిక ఆరువరకు జంతువులను అటు పోనీయరాదు. మిగిలిన సంచిని మూతగల పెట్టెలో ఉంచవలెను. జంతువు ఎరువును తినినదని అనుమానము కలిగిన వెంటనే, వాంతులకై వేచియుండక, సంచితో సహా పశువైద్యుని యొద్దకు పోవలెను.